ఈ వైరింగ్ ఎవడు చేశాడు?

“ఎవడే ఈ పని చేసింది?”

ఇంట్లో వేడి ఎంతుండాలో మిషనుకి చెప్పే గోడమీది థర్మోస్టాట్ మూత ఊడదీసి, లోపలి వైర్లు చూస్తూనే అన్నయ్య అరిచాడు.

చెల్లెలు ఐదునెలల పాపను రెండు దుప్పట్లలో చుట్టి భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతోంది. పాప దగ్గినప్పుడల్లా ఆ చిన్న ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది.

“నిన్నే అడిగేది!”

“ముందు బాగుచెయ్యి అన్నయ్యా. తర్వాత తిట్టుకుందువుగాని.”

“తిట్టకపోతే నాకు చేతులాడవు.”

అది నిజమే. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకు కరెంటు పని చేస్తున్నవాడు. పాడుపని కంటబడితే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ ఇంటికి కొత్త హీట్ పంప్ వచ్చి వారమైంది. చలికాలంలో బయటి గాలిలోంచి వేడి లాగి ఇంట్లోకి తేవాలి, ఎండాకాలంలో ఇంట్లో వేడిని బయటికి తోసెయ్యాలి. ఎప్పుడు ఎటు తిరగాలో దానికి చెప్పేది ఒక్క ఆరెంజ్ వైరు. ఆ వైరు కాస్తా పక్క స్క్రూ కింద ఉంది. ఇంకేముంది, వేడి పెంచినకొద్దీ మిషను చల్లగాలి కొట్టింది. చెల్లెలు కనిపెట్టి ఆపేసేసరికే పాప ఛాతీలో జలుబు చేరింది.

“వారం రోజులు నోరు మూసుకుని, నిన్న ఫోన్ చేస్తావా? ఊరందరి ఇళ్ళకీ పోతాను, నీ ఇంటికి రానా?”

“నాలుగు గంటల ప్రయాణం కదా అని...”

“నలభై గంటలైనా వస్తాను!”

కిటికీ పక్క కుర్చీలో ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని కూర్చున్న నాన్న తల తిప్పాడు. రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. కొడుక్కి ఈ విద్య నేర్పింది ఆయనే.

“నువ్వెప్పుడొచ్చావురా? ఏమైంది?”

“ఇందాక నీతో మాట్లాడేగా ఇటొచ్చాను నాన్నా! నువ్వే వచ్చి చూడు. ఆరెంజ్ వైరు తీసుకెళ్ళి పక్కదాంట్లో దూర్చాడు. బ్లూ వైరు బిగించనే లేదు, ఊరికే వేలాడుతోంది. రాగి చూడు, ఎంత పొడుగు వదిలేశాడో!”

నాన్న లేచి వచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. ముఖం ఎర్రబడింది.

“వీడి చేతులు విరగ్గొట్టాలి! ఇదేం పనిరా, కళ్ళకు గంతలు కట్టుకుని చేశాడా?”

“నువ్వింట్లోనే ఉన్నావుగా, ఎలా ఊరుకున్నావు?”

“నాకు చెబితేగా! నేను పడుకున్నప్పుడు వచ్చిపోయుంటాడు వెధవ.”

చెల్లెలు పాపను రెండో భుజానికి మార్చుకుంది.

“బావ పట్టుకొచ్చాడా వీణ్ణి, ఎక్కడో చవగ్గా దొరికాడని?” అన్నయ్య అటు తిరిగాడు.

“మధ్యలో ఆయన్నెందుకంటావు? క్యాంపుకెళ్ళి పది రోజులైంది.”

“అయితే నువ్వే పిలిచావన్నమాట.”

“నేను పిలవలేదు. తనే చేస్తానన్నారు. వద్దనలేకపోయాను.”

“వద్దనలేకపోయిందట! దారినపోయే ప్రతివాడూ చేస్తానంటే గోడ అప్పజెప్పేస్తావా?”

“అంత మొహమాటమైతే ఎలాగే నీకు?” అని నాన్న కూడా గదమాయించాడు.

ఆమె తల వంచుకుంది. పెదవి కొరుక్కుంది.

అన్నయ్య వెళ్ళి మెయిన్ ఆపేసి వచ్చాడు. ముందు ఉన్నదున్నట్టు ఫోన్లో నాలుగు ఫోటోలు తీశాడు. తర్వాత వైర్లన్నీ ఊడదీసి, చివర్లు కత్తిరించి, మళ్ళీ ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టాడు. నాన్న పక్కనే నిలబడి టార్చి పట్టాడు.

“రాగి బియ్యపు గింజంత కనబడితే చాలు. ఆఁ, అంతే. బిగించాక ఓసారి లాగి చూడు.”

“నువ్వు నేర్పిందేగా నాన్నా. ఈ గాడిదకి ఎవడు నేర్పాడో!”

మెయిన్ వేశాక బయట ఫ్యాను తిరిగింది. కాసేపటికి గోడ జాలీలోంచి వెచ్చటి గాలి మొదలైంది. చెల్లెలు దాని దగ్గరే చతికిలబడి, పాప మీది ఒక దుప్పటి తీసేసింది. దగ్గు సద్దుమణిగి, పాప కునుకు తీసింది.

ఇల్లు వేడెక్కింది గానీ అన్నయ్య కోపం మాత్రం చల్లారలేదు. సోఫాలో కూర్చుని ఫోన్ తీశాడు.

“లైసెన్సు ఆఫీసుకి రాస్తున్నాను. ఫోటోలు పెట్టేశాను. వాడి పేరు చెప్పు.”

“ఎందుకన్నయ్యా? బాగైపోయిందిగా. వదిలెయ్.”

“వదిలేస్తే? రేపు ఇంకో ఇంట్లో ఇంకో పసిపిల్ల. ఆ పిల్లకి మేనమామ లేకపోతే?”

“రాయరా!” నాన్న కుర్చీ చెయ్యిమీద అరచేత్తో చరిచాడు. “లైసెన్సు పీకించు. నలభై ఏళ్ళు చేశాను ఈ పని, ఒక్కరితో మాట పడలేదు. ఇలాంటివాళ్ళ వల్లేరా మనందరికీ చెడ్డపేరు. నీ దగ్గర జాలిగీలీ ఏమైనా ఉంటే గుమ్మం బయట పెట్టి రాయి!”

చెల్లెలు చివాల్న లేచింది. పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఎవరి వంకా చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య ఫోన్ పట్టుకుని వెనకే వెళ్ళాడు. ఆమె సింక్ అంచు పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

“ఏడ్చి లాభం లేదు. పేరు చెప్పు.”

“నా వల్ల కాదు.”

“నీ పిల్ల వారంరోజులు ఊపిరాడక దగ్గింది. అయినా వాణ్ణే దాస్తున్నావు!”

“అరవకు, వినబడుతుంది.”

“వినబడనీ! నాన్నకీ నాకున్నంత కోపమే ఉంది.”

హాల్లోంచి నాన్న గొంతు ఖంగుమంది. “పేరు చెప్పిందేంట్రా?”

చెల్లెలు కళ్ళు తుడుచుకుని, వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

అన్నయ్య పళ్ళు నూరాడు. “ఇంతలా వెనకేసుకొస్తున్నావు, అసలు నీకేమవుతాడే వాడు?”

“నాన్న అవుతాడు, అన్నయ్యా.”