పెద్దబుర్రకు బొట్టు

ఆయుధపూజ రోజు పొద్దున్నే ఎర్ర స్విచ్చు తాళంచెవి మాయమైంది.

బొల్లారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో దసరా రోజు ఏ యంత్రాన్నయినా ఆపి, తుడిచి, బొట్టు పెట్టాల్సిందే. తిరిగే యంత్రానికి పూజ చేయరు. ఈ ఏడాది ఆ వరుసలో కొత్తది ఒకటి చేరింది. ఫ్యాక్టరీ మొత్తాన్నీ ఒక్కటే నడిపే కంప్యూటరు. ఇంజనీర్లందరినీ మించిన తెలివని దాన్ని పెద్దబుర్ర అంటారు. ఎంత తెలివైనదైనా, దాన్ని ఆపే ఎర్ర స్విచ్చు తాళంచెవి మనిషి దగ్గరే ఉండాలన్నది కంపెనీ షరతు. ఆ మనిషి యాదన్న. అది పోతే అతని ఉద్యోగమూ పోయినట్టే.

"కొత్త అంగీ తొడుక్కుందామని మేకుకు తగిలేసిన. ఎన్కకు తిరిగి సూస్తె లేదు సారూ!" యాదన్న నెత్తి పట్టుకున్నాడు.

కొత్త బూట్లు కరిచాయని పొద్దున్నుంచీ కుంటుతున్న మేనేజరు సునీల్‌కుమార్, అద్దాల గదిలో మినుకుమంటున్న పెద్దబుర్రను చూపించాడు. "దొంగ అదే! ఆపితే మళ్ల లేవనేమోనని దానికి భయం. ఎవర్నో మాటల్ల పెట్టి తీయించింది."

"దాన్నే అడుగుదాం సారూ. అంతట దాని కెమెరాలే కద," అన్నాడు యాదన్న.

"దొంగను పట్టుకొని దొంగెవరని అడుగుతవా? ఇంకెవర్నీ బుట్టల ఏసుకోకుండ నేనే పొద్దుగాల దాని స్పీకరు వైరు పీకిన."

అందరూ వెతుకులాటలో పడ్డారు. లాకర్లు, పూలబుట్టలు, పులిహోర గంగాళం. ఎవరో హుషారుగా దిష్టి గుమ్మడికాయను కూడా ముందే పగలగొట్టి చూశారు.

"ఇగ దానికి పూజ లేదు, గీజ లేదు. నడవనియ్యిండ్రి. ఆర్డరు రేపే పోవాలె," సునీల్‌కుమార్ చేతులు దులుపుకున్నాడు. "యాదన్నా, నువ్వు ఇంటికి పో. మళ్ల రాకు."

యాదన్న కొత్త అంగీలోనే ముడుచుకుపోయాడు. క్యాంటీన్ సత్తెమ్మకు ఒళ్లు మండింది. "ఉరి తీసేటోన్ని గూడ ఆఖరి మాట అడుగుతరు. పండుగ పూట దాని నోరు కడ్తరా?" అంటూ, పసుపు చేతులతోనే వైరు గుచ్చేసింది.

స్పీకరు గరగరమని, యాదన్న దగ్గర నేర్చిన యాసలో ఖంగుమంది:

"పొద్దుగాలసంది చెప్దామని సూస్తున్న సత్తెమ్మా! తాళంచెవి సునీల్ సారు ఎడమ బూటుల ఉన్నది. జల్దీ తీసి నన్ను ఆపుండ్రి, అందరి బొట్లు అయిపోయినయ్!"