నలభై ఒక్క వంటిళ్లు

“తంబీ, ఆ అక్షరాలు రవ్వంత పెద్దవి చెయ్యి నైనా. చీకట్లో కనపడవు.”

ఆఫీసు తలుపు దగ్గర మళ్లీ అదే ముసలాయన. సైకిలు గోడకు ఆనించి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

నరేంద్రన్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. బల్ల కింద అతని కాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది.

“చేస్తాం తాతా.”

“పోయిన వారమూ ఇదే చెప్పినావు. ఇంగొకటి. పొద్దున ఏడుకే మూసేస్తే ఎట్టా? ఇంగో అరగంట ఇయ్యి. ఇండ్లు శానా ఉండాయి.”

“మీరు వంట చేస్తారా?”

“నాకు యాడ వచ్చు!”

“పోనీ, మేం పంపే భోజనం తింటారా?”

“నాకు గంజి చాలు నైనా.”

“మరి మా యాప్‌తో మీకేంది పని?”

ముసలాయన నవ్వాడు. “తెలుగులో రాసినావు చూడు, అందుకు. మా అమ్మ ఇసుకలో దిద్దించిన అక్షరాలు. ఈ తమిళ ఊళ్లో ఇన్నేండ్లూ వాటితో నాకు పనే పడలేదు.”

ఆయన పేరు ఏలుమలై. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. అంతకుమించి నరేంద్రన్ అడగలేదు. అడిగే తీరిక అతనికి లేదు.

కాలేజీ స్నేహితురాలు నివేదితతో కలిసి ఆ యాప్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ముదలియార్‌పేట ఆడవాళ్లు ఇంట్లో వండిన భోజనం మధ్యాహ్నానికి ఊరి చివరి మేట్టుపాళయం ఫ్యాక్టరీల వాళ్లకు అందాలి. ఏం వండుతారో, ఎందరికి వండుతారో పొద్దున ఏడులోపు ప్రతి ఇల్లూ యాప్‌లో పెట్టాలి. డబ్బాలు వీధి చివర ఆటో ఎక్కుతాయి. అంతా తెరమీదే కనిపిస్తుంది కాబట్టి, వీళ్లిద్దరూ ఆ వీధి మొహం చూసిన పాపాన పోలేదు.

ఆ ఇళ్లలో మాట్లాడేది తెలుగు కాబట్టి యాప్ తెలుగులోనే ఉండాలని నరేంద్రన్ పట్టుబట్టాడు. నెల్లూరులో ఎవరిచేతో రాయించి తెచ్చాడు. తనదీ తెలుగిల్లే, తనకే ఒక్క అక్షరం చదవడం రాదన్న సంగతి ఆ హుషారులో గుర్తుకు రాలేదు.

శుక్రవారం చెన్నై నుంచి ఇన్వెస్టర్ మేడమ్ వస్తోంది. ఆమె సరేనంటే కంపెనీ నిలబడుతుంది. లేదంటే సోమవారం నుంచి ఇద్దరూ ఉద్యోగాలు వెతుక్కోవాలి.

గురువారం సాయంత్రం నివేదిత ఉలిక్కిపడింది.

“నరేన్, ఇది చూడు. నలభై మూడు వంటిళ్లలో నలభై ఒకటి ఒకే ఫోనులోంచి వస్తున్నాయి.”

“మిగిలిన రెండూ?”

“మీ అమ్మా, మా అమ్మా.”

“ఆ ఫోను ఎవరిది?”

“ఆర్. ఏలుమలై.”

నరేంద్రన్‌కు ఒళ్లు మండింది.

“ఆ ముసలాయనా! యాడో ఒక హోటల్లో వండించి నలభై పేర్లు పెట్టినాడు. అందుకే ఇంకో అరగంట కావాలంట!”

“ఒకసారి ఆ వీధికి పోయి చూసొద్దామా?”

“రేపే మేడమ్ వస్తోంది, చూసొచ్చే టైము యాడుంది? ఇవి నిజంగా ఇంటి వంటలేనా అని ఆమె మొట్టమొదట అడుగుతుంది. ఆ ఫోన్ని యాప్‌లోంచి ఆపెయ్. నిజంగా ఇళ్లుంటే ఎవరి ఫోనులోంచి వాళ్లే పెడతారు.”

నివేదిత ఒక్క క్షణం తటపటాయించి ఆపేసింది.

శుక్రవారం పొద్దున అయిదున్నరకే నరేంద్రన్ ఫోన్ మోగింది. ఏలుమలై. కట్ చేశాడు.

మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

పదకొండోసారి ఆ నంబరునే బ్లాక్ చేసి, గదిలో అటూ ఇటూ తిరిగాడు. అరనిమిషానికోసారి ఇంగ్లీషులో వచ్చే ఆఫీసు జాబితా తెరిచి చూశాడు.

ఏడైంది. జాబితాలో రెండే ఉన్నాయి. వాళ్లమ్మ సాంబారు, నివేదిత వాళ్లమ్మ నిమ్మకాయ అన్నం.

పదింటికి మేడమ్ వచ్చింది. జాబితా చూసింది. ఆ రెండు పేర్లు ఎవరివని అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఆమె కాఫీ కూడా తాగకుండా లేచి కారెక్కింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు బయల్దేరారు ఇద్దరూ ముదలియార్‌పేటకు.

నిన్నటి జాబితాలో మొదటి పేరు కన్నియమ్మాళ్. ఇరుకు సందులో రేకుల ఇల్లు. పొయ్యి పక్కన గుండిగ నిండా అన్నం, పెద్ద గిన్నెలో పులుసు. ఎదురింట్లోనూ అంతే. ఆ పక్కింట్లోనూ అంతే. గడపగడపకూ వండిన గిన్నెలు పెట్టుకుని ఆడవాళ్లు దిగాలుగా కూర్చుని ఉన్నారు.

అన్నీ నిజమైన వంటిళ్లే.

“తెల్లారకముందే పొయ్యి వెలిగించి ముప్పై మందికి వండినా. ఇంగ ఎవరికి పెట్టేది?” అంది కన్నియమ్మాళ్.

“మీరే యాప్‌లో పెట్టొచ్చు గదక్కా? తెలుగులోనే ఉంది గదా!”

“మాట్లాడతాము గానీ, చదివేదానికి యాడ వచ్చు తంబీ? ఈ వీధిలో ఆ అక్షరాలు తెలిసింది ఏలుమలై అన్నకు ఒక్కడికే. తెల్లారకముందే సైకిలేసుకొని ఇంటింటికీ వచ్చి, ఏం వండుతావు తల్లీ అని అడిగి ఫోన్లో కొట్టుకుంటాడు. మధ్యానం డబ్బాలు ఆటో ఎక్కించేదీ ఆయనే.”

నరేంద్రన్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“ఆయన ఇల్లు యాడక్కా?”

“బీగమేసి పోయినాడు, విల్లుపురంలో కూతురి దగ్గరికి. ఫోను కూడా ఆపేసుకున్నాడు. ఆఫీసులో నన్ను నిలిపేసినారమ్మా, ఇంగ ఈడ నాకేం పని అన్నాడు.”

“ఆఫీసులోనా?”

నివేదిత అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది.

కన్నియమ్మాళ్ ఇద్దరినీ కోపంగా చూసింది.

“మీ కంపెనీ అంటే మాకు తెలిసిందే ఆ మనిషి. అట్లాంటి ఆయన్ని పనిలోంచి ఎందుకు తీసేసినారు తంబీ?”