ఆ ‘మరో’ ఎవరు రాశారు?

“ఈ ‘మరో’ అన్న మాట ఎవరు రాశారు బాబూ?”

పత్రికాఫీసు డెస్కు ముందు నిలబడి అడిగింది ఒక పెద్దావిడ. చేతిలో నిన్నటి పేపరు. వేలు లోపలి పేజీ అడుగున ఉన్న చిన్న వార్త మీద.

‘మార్కెట్లో మరో పేలుడు: పలువురి మృతి.’

సబ్ ఎడిటర్ తలెత్తాడు. వచ్చిన వార్తనల్లా కురచ చేస్తాడని ఆఫీసులో ఆయన్ని కత్తెర అంటారు.

“నేనే రాశానమ్మా. ఏం, తప్పేముంది?”

“పోయినవాళ్ళకి అది మరో చావు కాదు కదా. ఉన్న ఒక్క ప్రాణమే పోయింది.”

కత్తెర ఆ హెడ్డింగు మళ్ళీ చదువుకున్నాడు. ఈ ఊళ్ళో ఏది పేలినా చెయ్యి దానంతటదే ‘మరో’ అని రాసేస్తుంది. అంత అలవాటు.

ఆవిడ మొదటి పేజీకి తిప్పింది. ఎక్కడో సముద్రాల అవతల పెద్ద నగరంలో పేలుడు. పోయినవాళ్ళ ఫొటోలు, పేర్లు, వాళ్ళ పెంపుడు కుక్క బెంగ. ఆఖరికి బాంబు పెట్టినవాడి చిన్నప్పటి ఫొటో కూడా!

“వాళ్ళూ మనుషులే పాపం, కాదనను. మరి మనవాళ్ళు?”

“అక్కడ ఎప్పుడో గాని జరగదు పెద్దమ్మా. అందుకే అది వార్త. ఇక్కడ...”

“ఇక్కడ చావడం అలవాటా?”

“చోటు లేదమ్మా!” విసుక్కున్నాడు. “ఇంతకీ మీవాళ్ళెవరు పోయారు?”

“అందరూ నావాళ్ళే. ఫొటోలు తెస్తే వేస్తావా?”

వదిలించుకోడానికి తెమ్మన్నాడు.

తెచ్చింది! మర్నాడు తాళాలు బాగుచేసే ముసలాయన ఫొటో. ఆ మర్నాడు కవలల తల్లిది. ఏడుస్తున్న ప్రతి గుమ్మమూ ఎక్కి, పక్కన కూర్చుని, అడిగి తెచ్చింది. వాచ్‌మన్ లోపలికి పోనివ్వకపోతే మెట్ల మీదే కూర్చుంది. ఉడుంపట్టంటే అదే.

“ఎందుకమ్మా ఇంత తాపత్రయం? మీకేం ఒరుగుతుంది?” అడిగాడు కత్తెర.

“అడగందే అమ్మయినా పెట్టదంటారు. పోయినవాళ్ళు అడగలేరు కదా నాయనా. నేను అడుగుతున్నా.”

ఆ రోజు కత్తెర ఫొటోలన్నీ బల్ల మీద పరుచుకుని చూశాడు. సిగ్గేసింది. తిన్నగా ఎడిటర్ గదిలోకి వెళ్ళి గొంతు చించుకున్నాడు.

“సినిమా పేజీ ఆపండి సార్! ఒక్కరోజు హీరోయిన్ కనపడకపోతే కొంపలేం మునగవు!”

మర్నాడు పేజీ నిండా ఆ మొహాలే. పైన పెద్దక్షరాలతో ‘మార్కెట్లో పేలుడు’ అని మాత్రమే రాశాడు.

పొద్దున్నే పేపరు పట్టుకుని తనే గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ రాలేదు. మర్నాడూ రాలేదు. ఎక్కడుంటుందో కూడా అడగలేదే అని తనను తానే తిట్టుకున్నాడు. ఉండబట్టలేక క్రైమ్ రిపోర్టర్ని పిలిచాడు.

“ఫొటోలిచ్చిన ఇళ్ళలో వాకబు చెయ్యి. ఎలాగైనా ఆవిణ్ణి తీసుకురా. ఆవిడ గురించి మొదటి పేజీలో రాద్దాం.”

సాయంత్రం రిపోర్టర్ ఒక్కడే తిరిగొచ్చాడు.

“ఆవిడ ఊళ్ళో లేదు సార్. వీధివాళ్ళు సామాను బయట పారేసి తరిమేశారట.”

“తరిమేశారా! అంత పాపం ఏం చేసిందట?”

“బాంబు పెట్టినవాడు దొరికి వారమైంది సార్. స్టేషన్లోనే ఉన్నాడు. మనలో ఒక్కరం కూడా వెళ్ళి అడగలేదు.”

“అయితే?”

రిపోర్టర్ తల దించుకున్నాడు.

“వాడు ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అప్పగించిందీ ఆవిడే.”