స్నానాల బల్ల

కూర్మమ్మ కాలు జారింది.

నూతి దగ్గర స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కంటి ఆపరేషనుకు బయల్దేరిన ముసలమ్మ బురదలో కూలబడబోయింది. ఆమె చెయ్యి పట్టుకున్న మనిషి గట్టిగా లాగి నిలబెట్టాడు కాబట్టి నడుం దక్కింది. చీర మాత్రం మోకాళ్ల దాకా బురదైంది.

కాంపౌండరు నరసింగరావు గాభరాగా పరుగెత్తుకొచ్చాడు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. నెల్లిమర్ల అవతల ఒక పల్లెలో, బడి ఆవరణలో గుడారాలు వేసి శుక్లాలు తీసే క్యాంపు పెట్టారు. విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరుగారు ఉండేది ఆ ఒక్క రోజే. సాయంత్రం రైలుకు వెళ్లిపోతారు. అవాళ కానివాళ్లు మళ్లీ ఏడాది దాకా చీకట్లో ఉండాల్సిందే.

రోగులకు స్నానం చేయించి, కళ్లలో చుక్కలు వేసి, ఒక్కొక్కరినీ లోపలికి పంపడం నరసింగరావు పని.

ముందు రోజు వాన దంచి కొట్టింది. నూతి చుట్టూ ఒకటే రొచ్చు. జూటు మిల్లు నుంచి గోనె సంచులు తెచ్చి పరిస్తే అవీ కాసేపట్లో బురదలో కలిసిపోయాయి. ఇంకొక్కరు బురద కాళ్లతో వచ్చినా కత్తి పక్కన పెట్టేస్తానని డాక్టరుగారు అప్పటికే కబురంపారు.

నరసింగరావుకు ఏం చెయ్యాలో పాలుపోలేదు.

“సెక్కలేమైనా ఉన్నాయేటి బాబూ?” అని అడిగాడు కూర్మమ్మను పట్టుకున్న మనిషి.

పేరు పోతురాజన్నాడు. యాభై దాటిన మనిషి, తలగుడ్డ కనుబొమల దాకా దించుకున్నాడు. కూర్మమ్మదీ తనదీ ఒకే ఊరట, కలిసి వచ్చారట, వడ్రంగం చేసేవాడట. ముసలమ్మకు తోడొచ్చాడని నరసింగరావు అనుకున్నాడు. ప్రతి రోగి వెంటా ఎవరో ఒకరు ఉన్నారు మరి. వీళ్లు రోగులు, వీళ్లు తోడొచ్చినవాళ్లు అని ఎవరి నుదుటా రాసిలేదు.

మందులొచ్చిన దేవదారు పెట్టెలు గుడారం వెనక పడి ఉన్నాయి. బడి బంట్రోతు దగ్గర రంపం, సుత్తి దొరికాయి. నరసింగరావు అన్నీ తెప్పించి పోతురాజు ముందు పడేయించాడు.

“బాబూ, మరి నా సంగతి...” అన్నాడు పోతురాజు.

“ముందీ పని కానియ్ మావా. నీ సంగతి నాను సూసుకుంటాను.”

ఆ మాట ఎందుకన్నానా అని నరసింగరావు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కుమిలిపోయాడు. ఆ వేళ మాత్రం అతనికి తొందర తప్ప మరొకటి లేదు. కూలికో, అన్నానికో అడుగుతున్నాడనుకున్నాడు.

పోతురాజు పెట్టెలు విప్పాడు. కింద అడ్డకర్రలు వేసి వాటి మీద బద్దలు పరిచాడు. నీళ్లు కిందికి దిగిపోయేటట్టు బద్దకీ బద్దకీ మధ్య చిటికెనవేలు పెట్టి, అంత సందు వదిలి మేకులు దిగ్గొట్టాడు. ప్రతి మేకునూ బొటనవేలితో తడిమాడు. పైకి తేలిందనిపిస్తే మళ్లీ కొట్టాడు. ఇటిక ముక్కతో అంచులు అరగదీశాడు.

ఇంత నెమ్మదైతే పొద్దు వాలిపోతుందని నరసింగరావు కసిరాడు. కళ్లు లేనివాళ్లు ఎక్కే బల్ల కదా, కాలికి ఏదీ గుచ్చుకోకూడదని పోతురాజు సర్దిచెప్పాడు.

చేసిన బల్లల్లో ఒకటి నూతి దగ్గర పడింది. మిగతావి అక్కడి నుంచి బడి అరుగు దాకా వరసగా పడ్డాయి. నీళ్లు బద్దల సందుల్లోంచి జారిపోతున్నాయి, కాళ్లు కడిగినవి కడిగినట్టే ఉంటున్నాయి. కూర్మమ్మ మళ్లీ స్నానం చేసి, మిగిలినవాళ్లందరికంటే ముందు లోపలికి వెళ్లింది.

ఇక పని జోరందుకుంది. పోతురాజు బల్ల పక్కనే నిలబడి వచ్చినవాళ్లకు చెయ్యి అందించాడు, అడుగు ఎక్కడ వెయ్యాలో చెప్పాడు. మధ్యాహ్నం నరసింగరావు విస్తరిలో అన్నం పంపితే, ఈ పూట వద్దని తిప్పి పంపేశాడు. ఒక్కపొద్దేమోలే అనుకున్నాడు నరసింగరావు.

అందరి స్నానాలూ అయ్యాక పోతురాజు తనూ ఆ బల్ల మీదే నిలబడి నాలుగు చేదలు పోసుకున్నాడు. చేసినవాడికి తన బల్ల మీద ముచ్చట తీరొద్దూ అని నరసింగరావు నవ్వుకున్నాడు.

తర్వాత పోతురాజు పొడి పంచె కట్టుకుని అరుగు చివర ఒద్దికగా కూర్చున్నాడు. నరసింగరావు చుక్కల మందు సీసా పట్టుకుని ఆ దారినే అటూ ఇటూ తిరిగాడు. ఒకసారి అతన్ని చూసి చిరునవ్వు నవ్వాడు. పోతురాజు నవ్వలేదు. పాపం, అలసిపోయాడనుకున్నాడు. దగ్గరికెళ్లి ముఖంలోకి చూసే తీరిక ఆ రోజు అతనికి లేకపోయింది.

రోగులు కూర్చున్న బెంచీలు ఖాళీ అయ్యాయి. డాక్టరుగారు చేతులు కడుక్కుని, రైలుకు వేళైందని జీపెక్కారు.

జీపు చప్పుడు వినపడనంత దూరం పోయాక నరసింగరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అరుగు చివరికి వచ్చాడు. అతని మనసు నిండుగా ఉంది.

“నీ పున్నెమా అని అందరికీ అయిపోనాది మావా. ఒక్కలు కూడా మిగల్లేదు.”

పోతురాజు తెల్లబారిన రెండు కళ్లనూ గొంతు వినబడ్డ వైపు తిప్పి, “అయితే ఇంక నా వంతే గదా బాబూ,” అంటూ లేచి నిలబడ్డాడు.