గార్డు పెట్టె

“వద్దంటే వద్దు! గూడ్సు బండిలో చూడ్డానికేముందే, బొగ్గూ మట్టీ తప్ప?”

గార్డు బూటు లేసు ఎంత గట్టిగా లాగాడంటే, అది కాస్తా తెగి చేతికొచ్చింది.

అతని భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “బండిని కాదండీ, మిమ్మల్ని చూడ్డానికి. పిల్ల నెల రోజుల్నించీ ఒకటే గోల. ‘మీ నాన్న రైలు నడపడు, తోకలో కూర్చుంటాడు’ అని బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారట. ఆ తోకలోంచే మీరొక్కసారి జెండా ఊపారంటే దాని కడుపు నిండిపోతుంది.”

“ఇంకోసారి చూద్దాం.”

“పోయిన ఆదివారమూ ఇదే మాట.”

“ఎండ మాడ్చేస్తుంది. పట్టాల పక్కన పాములుంటాయి. పిల్ల చెయ్యి విదిలించుకుని పరిగెత్తితే ఏం చేస్తావ్?”

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. పిల్ల ఒక్కసారి దగ్గితేనే గుండె జారిపోయే మనిషి ఆమె. “సరేలెండి, వెళ్ళం” అంది. గార్డు టిఫిను డబ్బా సంచిలో వేసుకుని, చుట్టిన జెండాలు చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఆరేళ్ళ కూతురు తలుపు వెనక నుంచి బయటికొచ్చింది. నాన్న దానికి పెట్టిన ముద్దుపేరు బుడంకాయ.

“నిజంగానే వెళ్ళట్లేదా అమ్మా?”

“నీ చెప్పులేవీ?” అంది తల్లి.

మూడు రోజులుగా ఆమె మనసులో ఇదే లెక్క. మొన్న ఉతకడానికి యూనిఫాం తీస్తే జేబులో చిన్న నోటు పుస్తకం దొరికింది. ఏడో తరగతితో చదువాగిపోయినా మొగుడి రాత చదవగలదు. పదిన్నరకి ఒక బండి, ఇంజను నంబరు, యాభై ఎనిమిది పెట్టెలు. పన్నెండుంబావుకి ఎదురు బండి, నలభై నాలుగు, అన్నీ ఖాళీవే. రెండూ ఇరవైకి ఇంకోటి. నెల రోజులుగా ప్రతి పేజీ పైనా ఒకటే మాట: పద్నాలుగో మైలు గేటు. ‘అటూ ఇటూ రోజుకి మూడు బళ్ళు తిప్పుతున్నారు పాపం, అందుకే ఇంటికొచ్చి పలకలేడు’ అని ఉసూరుమంది. టైములూ, పెట్టెల లెక్కలూ క్యాలెండరు కాగితం వెనక ఎక్కించుకుంది. పద్నాలుగో మైలు దగ్గర నిలబడితే చాలు, మనిషి దొరక్కుండా ఎక్కడికి పోతాడు?

చిరిగిన దిండు గలీబు కత్తిరించి పుల్లకి కట్టింది. ఆకుపచ్చ జెండా తయారైంది.

“ఎర్రది కూడా చెయ్యవే అమ్మా.”

“ఎర్రదెందుకే? మీ నాన్న బండిని ఆపేద్దామనా? ఆయన ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నావే!”

రెండు నీళ్ళ సీసాలు, గొడుగు, ఒక గౌను, దెబ్బ తగిలితే కట్టు కట్టడానికి గుడ్డ, ఆ గుడ్డ చాలకపోతే ఇంకో గుడ్డ. సంచి బరువు చూసి బుడంకాయ, “మళ్ళీ ఇంటికి రామా?” అనడిగింది.

బస్సు ఆలస్యమైంది. దిగి పొలం గట్టెమ్మట పరుగులాంటి నడక నడిచి వచ్చేసరికి గేటు వేసే ఉంది. గేటుమాన్ గది ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

“అన్నా, పదిన్నర బండి వెళ్ళిపోయిందా?”

“ఇంకా లేదమ్మా. అదిగో, కూత వినపడుతోంది. కాస్త ఇవతలగా నిలబడండి. మీరు కూడా బళ్ళు చూడ్డానికేనా?”

“బండినెవరు చూస్తారన్నా, మా ఆయన్ని చూడ్డానికి” అంది కాస్త గొప్పగా. ఇంజను రొదలో ఆ మాట అతనికి చేరలేదు.

ఇద్దరూ కూత వచ్చిన వైపే చూస్తుండగా నేల అదిరింది. ఆమె పిల్లని చంకనెత్తుకుని, గౌను వెనక గుప్పిట బిగించి పట్టుకుంది. పెట్టె మీద పెట్టె గోడలా కదిలిపోతూ ఉంటే అవతలి పక్క ఏమీ కనపడటం లేదు. నల్ల దుమ్ము కళ్ళలో పడుతున్నా బుడంకాయ రెప్ప వెయ్యలేదు.

“యాభై ఆరు... యాభై ఏడు... అమ్మా, నాన్న వచ్చేస్తున్నాడు!” జెండా ఎత్తింది.

యాభై ఎనిమిదో పెట్టె వెళ్ళింది. దాని వెనక గార్డు పెట్టె లేదు. కొక్కేనికి తగిలించిన డబ్బాలో ఎర్ర దీపం ఒకటి మిణుకు మిణుకుమంటూ పోతోంది.

“అన్నా! గార్డు పెట్టె తెగిపోయింది! దార్లో ఎక్కడో ఊడిపోయింది! ఎవరికైనా ఫోన్ చెయ్యన్నా!” ఆమె గొంతు కీచుమంది.

“ఊడిపోవడమేంటమ్మా, వాళ్ళే పీకేశారు” అన్నాడు గేటుమాన్ తాపీగా, గేటు చక్రం తిప్పుతూ. “పోయిన నెల ఒకటో తారీకు నుంచి ఈ లైన్లో గార్డులెవరూ లేరు. ఇప్పుడు ఆ దీపం డబ్బానే గార్డు. దానికి ఆకలీ లేదు, నిద్రా లేదు.”

గేటు మెల్లగా లేచింది. దుమ్ము అణిగింది.

పట్టాలకి అవతల పాత చెక్క దుంగల గుట్ట. దాని మీద టిఫిను డబ్బా, తెరిచి బోర్లించిన చిన్న నోటు పుస్తకం. పక్కన ఇస్త్రీ యూనిఫాంలో, లేసు తెగిన బూటుకి పురికొస కట్టుకుని ఒక మనిషి నిటారుగా నిలబడి, వెళ్ళిపోతున్న బండికి ఆకుపచ్చ జెండా చూపిస్తున్నాడు. జెండా దించుతూ ఇటు తిరిగాడు. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

బుడంకాయ ఒకసారి నాన్నని చూసింది, ఒకసారి దూరమైపోతున్న ఎర్ర దీపాన్ని చూసింది. ఏడుపు ముంచుకొచ్చింది దానికి.

“నాన్నని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోతోందే బండి! ఎర్ర జెండా కూడా తెద్దామంటే విన్నావా నువ్వు?”