మా అమ్మాయి వంతు

ఏం చెప్పమంటారు, పొద్దుటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు! ముగ్గురు మనుషులతో కొత్త రాకెట్టు ఎగరబోతోంది. దాని ఇంధనం సంగతి చూసేది మా అమ్మాయి! సముద్రపు గట్టున చేరిన రాకెట్టు పిచ్చివాళ్ళందరికీ ఆ మాట చెప్పాను, కొందరికి రెండుసార్లు.

"కూర్చో బావా, రాకెట్టు కంటే ముందు నువ్వే ఎగిరేట్టున్నావు," అన్నాడు మా బావమరిది.

ఎగిరే ముందు ఒక్కొక్క విభాగాన్నీ "సిద్ధమేనా?" అని అడుగుతారు. అందరూ ఔనంటేనే నిప్పు ముట్టిస్తారు. ఆ మాటలు మైకులో మాకూ వినిపిస్తున్నాయి. "సిద్ధం", "సిద్ధం" అని ఒక్కొక్కరే పలుకుతున్నారు.

"ఇంధనం?"

"సిద్ధం కాదు. ఆపండి."

మా అమ్మాయి గొంతే! గట్టంతా ఉసూరుమంది.

"ఇంకోసారి చూడమ్మా. లోకమంతా ఎదురుచూస్తోంది," అని మైకులో ఒక పెద్ద గొంతు గద్దించింది.

నేను బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"చూశాను సార్. గొట్టంలో ఒత్తిడి పడిపోతోంది. ఆపాల్సిందే."

"కొంప ముంచింది బావా! ఇంక దీని ఉద్యోగం ఉంటుందా?" అన్నాడు బావమరిది.

కాసేపటికి ఆ ముగ్గురూ రాకెట్టులోంచి బయటికి రావడం పెద్ద తెర మీద కనిపించింది. మూడో ఆయన నేల మీద కాలు పెట్టగానే నేను ఈలేసి, చప్పట్లు కొట్టి, గంతులేశాను. అందరూ నావైపు వింతగా చూశారు.

"ఎగరని రాకెట్టుకి ఈ సంబరమేంటి బావా?"

"ఆ ముగ్గురికీ ఇళ్ళ దగ్గర నాన్నలుంటారు కదరా!"