ఇతరుల సామాను

నోట్లో గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మాటకు ఆవిడ అప్పుడే జవాబు చెప్పేది.

"ఇదంతా మీ తమ్ముడి నిర్వాకమే" అన్నాడు భర్త మళ్ళీ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

కుడుతున్న కర్టెన్ పక్కన పెట్టి, సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది ఆవిడ. ఈ ఇంట్లో కుళాయి కారినా, తలుపు గొళ్ళెం ఊడినా కారణం తమ్ముడే. వాడు ఇక్కడ ఉన్నది నాలుగు నెలలు, వెళ్ళిపోయి ఏడాదిన్నర. పెళ్ళి వీడియోలు తీసే పని వాడిది. అద్దె ఇల్లు దొరికేదాకా ఇక్కడే ఉండి, ఈ కంప్యూటర్ మీదే ఎడిటింగ్ చేసుకునేవాడు. ఓ రోజు భోజనాల దగ్గర ఈయన "ఇది ఇల్లా, స్టూడియోనా?" అన్నాడు. మర్నాడు పెట్టె సర్దుకుని వెళ్ళినవాడు మళ్ళీ గడప తొక్కలేదు. బతిమాలగా బతిమాలగా ఈ ఆదివారం వస్తానని నిన్ననే ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఆవిడకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఇంతలో ఇదొచ్చింది. అమ్మాయి భవనాల డిజైన్ చదువుతోంది. తను గీసిన బిల్డింగ్ లోపల నడిచినట్టు చూపే వీడియో పన్నెండింటికల్లా కాలేజీకి పంపాలి. తొమ్మిదింటికి కంప్యూటర్ జాగా లేదని మొండికేసింది. నలభై జీబీ అయినా ఉంటే గానీ కుదరదట. అమ్మాయి స్క్రీన్ అలాగే వదిలేసి, ఏదీ మూసెయ్యొద్దని చెప్పి, గడువు అడగడానికి మాస్టారి దగ్గరకు పరిగెత్తింది. అది వీధి మలుపు తిరిగిందో లేదో, ఈయన ఆ కుర్చీలో చేరాడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఎంత పాతదైనా విప్పి మళ్ళీ బిగించగలడని పేరు. ఏ చక్రం ఎక్కడిదో మరిచిపోకుండా, విప్పేటప్పుడు బల్ల మీద చిన్న కెమెరా పెట్టుకుంటాడు. అమ్మాయి ఆ వీడియోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, విడిగా దాచి, కావలసినప్పుడు తెరిచి పెడుతుంది. బల్ల మీద ఇప్పుడూ ఓ గోడగడియారం నూటపాతిక ముక్కలై పళ్ళేల నిండా ఉంది. గడియారాల దగ్గర ఉన్న ఓపికలో పిసరంత మనుషుల దగ్గర ఉంటే ఎంత బాగుండేదని ఆవిడ బాధ.

బయటి సాఫ్ట్‌వేర్లేవీ అక్కర్లేదని, కావలసినవన్నీ కంప్యూటర్ సెట్టింగ్స్‌లోనే ఉంటాయని ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎక్కడో విన్నాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాడు. టెంపరరీ ఫైల్స్‌కి టిక్కు పెట్టి తీసేశాడు. ఎప్పుడో వాడి వదిలేసిన ప్రోగ్రాములు రెండు పీకేశాడు. ఇంత చేస్తే వచ్చింది తొమ్మిది జీబీ. స్టోరేజ్ పేజీలో ఇంకా కిందికి వెళ్ళి, బల్ల మీద చెయ్యి చరిచాడు.

"ఇటు రా. 'ఇతరులు' అట. మూడు వందల పది జీబీ."

వెళ్ళి చూసింది. నిజమే. కళ్ళూ ముక్కూ లేని బూడిదరంగు బొమ్మ, పక్కన 'యూజర్' అని.

"చూశావా, పేరు కూడా పెట్టుకోలేదు" అన్నాడు.

"వాడిదే అని ఎక్కడ రాసుంది?"

"ఇంట్లోవాళ్ళం ఇతరులం ఎలా అవుతాం? నువ్వే ఫోన్ చేసి అడుగు."

అడగక తప్పలేదు. స్పీకర్ కూడా ఆయనే నొక్కాడు. తన వీడియోలన్నీ వెళ్ళేటప్పుడే తీసేశానని, ఒక్కటీ ఉంచలేదని తమ్ముడు నెమ్మదిగానే చెప్పాడు. మరి ఇవి ఆకాశంలోంచి ఊడిపడ్డాయా అని ఈయన వెటకారం చేశాడు.

"నావే అయ్యుంటాయి బావా, తీసెయ్యండి" అన్నాడు వాడు చివరికి. "అక్కా, ఆదివారం నాకు కుదరదులే."

ఫోన్ పెట్టేశాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదిన్నర బతిమాలి దగ్గర చేసుకున్నవాణ్ణి ఈ మనిషి ఒక్క మాటతో మళ్ళీ దూరం చేశాడు.

"వాడు అబద్ధం ఆడడు. పిల్ల వచ్చేదాకా ఆగండి."

"ఆగితే పన్నెండు కొడుతుంది. దాని చదువు కంటే నీ తమ్ముడి చెత్త ఎక్కువా?"

అకౌంటునీ అందులోని డేటానీ తొలగించాలా అని కంప్యూటర్ అడిగింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నొక్కేశాడు. తమ్ముణ్ణి రెండోసారి గెంటినట్టనిపించి ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక, కర్టెన్ తీసుకుని గబగబా కుట్టుకుంటూ పోయింది.

పదకొండుంపావుకి అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది. మాస్టారు నిమిషం కూడా పెంచనన్నారట. తీరా చూస్తే కంప్యూటర్ నిండా జాగా. ఎలా వచ్చిందని అడిగే తీరిక కూడా లేక కూర్చుని, పన్నెండుకి ఐదు నిమిషాలుండగా వీడియో పంపేసి కుర్చీలో వెనక్కి వాలింది.

ఆయన అప్పటికే బల్ల దగ్గర చేరి, కంటికి భూతద్దం బిగించుకుంటున్నాడు.

"మీ అమ్మకి కాస్త అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు దర్జాగా. "యూజర్ అని మీ మామయ్య అకౌంటు, దాన్ని పీకేస్తే గానీ నీ పని కాలేదు. సరే, గడియారం విప్పిన వీడియో పెట్టు, సాయంత్రానికి బిగించి ఇచ్చెయ్యాలి."

అమ్మాయి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"మామయ్యకి అకౌంటే లేదు నాన్నా, ఆ యూజర్ నువ్వే."